నిద్ర పట్టింది సరే, దవడ వదిలిందా? డే సర్జరీలో ఎల్‌ఎమ్‌ఏ కోసం ఇచ్చే ఇండక్షన్ మందుల సమీక్ష

డే సర్జరీలో (ఆపరేషన్ రోజే ఇంటికి పంపే పద్ధతిలో) ఎల్‌ఎమ్‌ఏ, అంటే స్వరపేటిక మీద కూర్చుని ఊపిరికి దారి ఇచ్చే లారింజియల్ మాస్కు, వేయడానికి ఇచ్చే ఇండక్షన్ (మత్తు మొదలుపెట్టే) మందు రెండు పరీక్షలు నెగ్గాలి. మొదటిది తొలి రెండు నిమిషాల్లోనే. దవడ వదలాలి. పరికరం నాలుక మొదలు దాటి గొంతులోకి దిగుతున్నప్పుడు దగ్గు, డోకు, మింగడం, వెక్కిళ్లు, కాళ్లూచేతులూ కదలడం ఉండకూడదు. స్వరతంతువులు బిగుసుకోకూడదు. రెండో పరీక్ష సాయంత్రం. వాంతులు, తల దిమ్ము లేకుండా పేషెంటు లేచి నడిచి ఇంటికి వెళ్లాలి. శ్వాసనాళంలో ట్యూబు వేసే కేసుల్లో మొదటి పరీక్షను కండరాలు సడలించే మందు గట్టెక్కిస్తుంది. ఎల్‌ఎమ్‌ఏ కేసుల్లో సాధారణంగా ఆ సాయం తీసుకోం కనుక భారమంతా ఇండక్షన్ మందు మీదే పడుతుంది. మనిషిని నిద్రపుచ్చే మందులు చాలానే ఉన్నాయి, గొంతును కూడా నిద్రపుచ్చేవి మాత్రం తక్కువ.

బ్రిటిష్ అనస్థీషియా వైద్యుడు ఆర్చీ బ్రెయిన్ రూపొందించిన ఈ మాస్కు బ్రిటన్‌లో 1988లో అమ్మకానికి వచ్చింది. ప్రొపోఫాల్ అనే ఇండక్షన్ మందు అక్కడ 1986లోనే వాడకంలోకి వచ్చేసింది. ఈ వరస కుదరడం ఎల్‌ఎమ్‌ఏకు బాగా కలిసొచ్చింది. పాత మందు థయోపెంటోన్ తప్ప దిక్కులేని కాలంలో వచ్చి ఉంటే, గొంతు ఒప్పుకోని పరికరమని పక్కన పెట్టేసేవారేమో.

పరిశోధనల్లో ఈ మందులను పోల్చేటప్పుడు తరచుగా ఆరు అంశాలకు మార్కులు వేస్తారు: నోరు తెరుచుకున్న తీరు, పరికరం దిగిన తీరు, మింగడం, దగ్గు లేదా డోకు, కదలిక, లారింగోస్పాజమ్ (స్వరతంతువులు బిగుసుకోవడం). ఎన్నో ప్రయత్నంలో దిగింది, ఎంతసేపు పట్టింది, ఊపిరి ఎంతసేపు ఆగింది అనేవి అదనం. సమయాన్ని పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఇంజెక్షన్ మొదలెట్టినప్పటి నుంచి లెక్కించారా, పూర్తయ్యాక లెక్కించారా అన్నది అధ్యయనాన్ని బట్టి మారుతుంది. అది చూడకుండా రెండు పేపర్లలోని సెకన్లను పక్కపక్కన పెడితే తప్పుదారి పడతాం.

ప్రొపోఫాల్

ఈ పనికి మొదటి ఎంపిక ఇదే, రెండో స్థానంలో ఉన్న మందుకూ దీనికీ మధ్య తేడా కూడా పెద్దదే. గొంతు, స్వరపేటిక రిఫ్లెక్సులను అణచడంలో సిరలోకి ఇచ్చే మిగతా ఇండక్షన్ మందులేవీ దీని దరికి రావు. పైగా దీనికి వాంతులను తగ్గించే గుణం ఉంది. నిద్ర లేచాక తల తేలిగ్గా ఉంటుంది. డే సర్జరీకి ఇంతకన్నా ఏం కావాలి?

మోతాదు దగ్గరే చాలామంది తడబడతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని నిద్రపుచ్చడానికి 1.5 నుంచి 2 మి.గ్రా./కిలో సరిపోతుంది. ఎల్‌ఎమ్‌ఏకు అది చాలదు. ఓపియాయిడ్ (ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందు) తోడుంటే 2 నుంచి 2.5, ఏ తోడూ లేకపోతే 2.5 నుంచి 3 మి.గ్రా./కిలో కావాలి. చిన్నపిల్లలకు 3 నుంచి 5 వరకూ పడుతుంది. వారిలో మందు విస్తరించే పరిమాణం ఎక్కువ, శరీరం దాన్ని వదిలించుకునే వేగమూ ఎక్కువ. 65 దాటినవారికి 1 నుంచి 1.5 చాలు, అదీ నిదానంగా ఇవ్వాలి. వారి రక్తప్రసరణ నెమ్మది కాబట్టి మందు మెదడుకు చేరడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి ‘ఇంకా పడుకోలేదు’ అని మరో 40 మి.గ్రా. తోస్తే, నిమిషం తర్వాత బీపీ కూలుతుంది. స్థూలకాయుల్లో మొత్తం బరువు కాక, కొవ్వు తీసేసిన బరువు మీద లెక్కించాలి. లేకపోతే మోతాదు బాగా మించిపోతుంది.

వేగం: ఆరోగ్యవంతులకు పది సెకన్లకు 40 మి.గ్రా. చొప్పున. ఒక్కసారిగా తోసేస్తే ఊపిరి ఆగడం, బీపీ పడటం రెండూ ఎక్కువ. మరీ సాగదీస్తే ఇచ్చిన మందు ఇచ్చినట్టే శరీరమంతా సర్దుకుపోయి, మెదడులో చేరాల్సిన గరిష్ఠ స్థాయి రాదు.

ఇక అసలు కిటుకు, ఎదురుచూడటం. పిలిస్తే పలకకపోవడం, కనురెప్ప వెంట్రుకలు తాకినా కదలిక లేకపోవడం ముప్ఫై నలభై సెకన్లలోనే వచ్చేస్తాయి. దవడ అప్పటికి వదలదు. ఇంజెక్షన్ పూర్తయ్యాక 60 నుంచి 90 సెకన్లు ఆగితే గానీ గొంతు సిద్ధం కాదు. ‘ప్రొపోఫాల్ పనిచేయలేదు’ అనే ఫిర్యాదుల్లో మందు తప్పు కన్నా తొందర తప్పే ఎక్కువ. నమ్మదగిన పరీక్ష దవడ ముందుకు నెట్టి చూడటం. రెండు చేతులతో దవడ మూలలను పట్టి గట్టిగా ముందుకు లాగండి. ముఖం చిట్లించినా, చేయి కదిపినా, ఊపిరి బిగబట్టినా ఇంకా సమయం కాలేదు. ఏ స్పందనా లేకపోతే వేయొచ్చు. మాట ఆగిపోవడం, రెప్ప కదలకపోవడం అనే గుర్తుల కన్నా ఇది చాలా మెరుగు. ఎందుకంటే పరికరం దిగేటప్పుడు గొంతుకు కలిగే ప్రేరణకు ఇది దగ్గరగా ఉంటుంది.

ఓపియాయిడ్ విషయంలోనూ లెక్క సమయానిదే. ఫెంటానిల్ 1 మైక్రోగ్రా./కిలో బాగా పనిచేస్తుంది, కానీ దాని ప్రభావం గరిష్ఠానికి చేరడానికి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. ఫెంటానిల్ ఇచ్చి, వెంటనే ప్రొపోఫాల్ ఇచ్చి, నిమిషంలో ఎల్‌ఎమ్‌ఏ వేస్తే ఆ ఫెంటానిల్ వల్ల ఆ క్షణానికి దక్కేది తక్కువ. పరికరం దిగాక మాత్రం ఊపిరి ఆపి కూర్చుంటుంది. ముందు ఫెంటానిల్, తర్వాత ఆక్సిజన్ పెట్టి మూడు నిమిషాలు, ఆ తర్వాత ప్రొపోఫాల్ అనే వరస పాటిస్తే అదే మోతాదు రెట్టింపు పని చేసినట్టు కనిపిస్తుంది. అంత ఆగే వీలు లేకపోతే ఆల్ఫెంటానిల్ నయం. 5 నుంచి 10 మైక్రోగ్రా./కిలో ఇస్తే సుమారు 90 సెకన్లలో గరిష్ఠానికి వస్తుంది, ప్రొపోఫాల్‌తో కలిసి నడుస్తుంది. మిడజోలామ్ అనే మగత మందు 0.02 నుంచి 0.03 మి.గ్రా./కిలో ప్రొపోఫాల్ అవసరాన్ని బాగానే తగ్గిస్తుంది. కానీ పది, పదిహేను నిమిషాల కేసులో దాన్ని కలిపితే ఆదా చేసిన ప్రొపోఫాల్‌కు బదులు మగత మిగులుతుంది. భయపడుతున్న పేషెంటుకు ఇవ్వండి, అందరికీ అలవాటుగా వద్దు.

ఇంజెక్షన్ మంట ప్రొపోఫాల్ పాత జబ్బు. ఏ జాగ్రత్తా లేకుండా చేతి వెనుక సన్నని సిరలో ఇస్తే పదిమందిలో ఆరేడుగురికి మంట పుడుతుంది. రెండు ఉపాయాలు నిజంగా పనిచేస్తాయి. ఒకటి, మోచేతి మడతలోని పెద్ద సిర వాడటం. రెండోది, చేతి సిరే వాడాల్సి వస్తే పైన టూర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి, మొద్దుబార్చే మందు లిడోకైన్ 0.5 మి.గ్రా./కిలో ఇచ్చి, అర నిమిషం నుంచి రెండు నిమిషాలు ఉంచి వదలటం. లిడోకైన్‌ను సిరంజిలోనే కలిపేయడం సులువే గానీ, 200 మి.గ్రా. ప్రొపోఫాల్‌కు 20 మి.గ్రా. మించకూడదు, కలిపాక వెంటనే వాడేయాలి. ఎక్కువ కలిపినా, కలిపి పక్కన పెట్టినా ఎమల్షన్ (నూనె, నీటి మిశ్రమం) విరిగి నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. మధ్యస్థ గొలుసు ట్రైగ్లిజరైడ్లు కలిపిన తయారీలు మంటను కొంత తగ్గిస్తాయి, పూర్తిగా కాదు.

ఇందులో సోయా నూనె, గుడ్డు లెసితిన్ ఉంటాయి కాబట్టి సూక్ష్మజీవులకు మంచి తిండి. సిరంజిలోకి తీశాక 6 గంటల్లో వాడకపోతే పారేయాల్సిందే. ఒక వయల్‌ను ఇద్దరికి పంచడం అసలే కుదరదు. గుడ్డు పడనివారికి ప్రొపోఫాల్ ఇవ్వకూడదన్న పాత భయానికి ఆధారం బలహీనం. ఆ ఎలర్జీ ఎక్కువగా తెల్లసొనలోని ప్రొటీన్లకు, లెసితిన్ వచ్చేది పచ్చసొన నుంచి.

ఇక ఒక శాతం, రెండు శాతం వయల్స్ ఒకే అరలో పెట్టే చోట్ల మోతాదు రెట్టింపయ్యే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. డే సర్జరీకి ఒక శాతం, అంటే మి.లీ.కు 10 మి.గ్రా.ది ఒక్కటే ఉంచుకోవడం క్షేమం.

థయోపెంటోన్

నిద్ర పుచ్చడంలో వంక లేదు. 3 నుంచి 5 మి.గ్రా./కిలో, మంట లేకుండా, చక్కగా. ఎల్‌ఎమ్‌ఏ దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. ఇది స్వరపేటిక రిఫ్లెక్సులను అణచదు. తేలిక మత్తులో దగ్గు, డోకు, లారింగోస్పాజమ్ మరింత చురుగ్గా ఉంటాయి. దవడ బిగువు కూడా పోదు. 5 మి.గ్రా./కిలో ఇచ్చి వేయబోతే పళ్ల మధ్య వేలు ఇరుక్కునే అవకాశమే ఎక్కువ.

ప్రొపోఫాల్ దొరకని చోట దీనితో నెట్టుకురావాలంటే ఒంటరిగా వాడొద్దు. ముందుగా ఫెంటానిల్, దాని తర్వాత తగినంత వ్యవధి, గొంతు వెనుక భాగంలో లిడోకైన్ స్ప్రే, 5 మి.గ్రా./కిలోకు తగ్గని థయోపెంటోన్, అవసరమైతే వేయడానికి ముందు నిమిషం రెండు నిమిషాలు పీల్చే మత్తు మందు సెవోఫ్లూరేన్. ఇన్ని తోడైతే ప్రొపోఫాల్‌కు దగ్గరగా వస్తుంది. కొందరు కండరాలు సడలించే సక్సామెథోనియం 0.1 మి.గ్రా./కిలో చిన్న మోతాదు కలుపుతారు. దవడ వదులుతుంది, నిజమే. కానీ ఆ మందు తర్వాత వచ్చే ఒళ్లునొప్పులు ఆ రోజే లేచి తిరిగే యువకుల్లోనే ఎక్కువ. డే సర్జరీ పేషెంటు అంటే సరిగ్గా ఆ మనిషే.

రెండో పరీక్షలోనూ వెనుకబడుతుంది. ఒక్క మోతాదు నుంచి మెలకువ త్వరగానే వస్తుంది, అది మందు కండరాలకు, కొవ్వుకు మళ్లడం వల్ల. శరీరం నుంచి పోవడానికి మాత్రం చాలా గంటలు పడుతుంది, అర్ధాయువు పది గంటలకు పైమాటే. సాయంత్రానికీ దిమ్ము వదలదు. పొడిని 2.5 శాతంగానే కలపాలి: 500 మి.గ్రా.కు 20 మి.లీ. ద్రావణం క్షార గుణం ఎక్కువ, పీహెచ్ 10 దాటుతుంది. సిర బయటికి పోతే కణజాలం చస్తుంది, ధమనిలోకి పోతే చేతి వేళ్లకే ప్రమాదం. కండరాలు సడలించే రోక్యూరోనియం, వెక్యూరోనియం లాంటివి అదే లైనులో కలిస్తే గడ్డకట్టి కాన్యులా (సిరలో పెట్టిన సన్నని గొట్టం) మూసుకుపోతుంది. పోర్ఫిరియా (హీమ్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవారికి అసలు వద్దు.

సెవోఫ్లూరేన్

సూది అంటే హడలిపోయే పిల్లలకు, సిర దొరకని పెద్దలకు ఇదే దారి. వాసన ఘాటు కాదు, రక్తంలో కరగడం తక్కువ కాబట్టి త్వరగా ఎక్కుతుంది, ఊపిరి చాలావరకు ఆగదు, బీపీ ప్రొపోఫాల్‌తో పడినంతగా పడదు. డెస్‌ఫ్లూరేన్‌ను, ఐసోఫ్లూరేన్‌ను ఈ పనికి తలవకండి. ఆ ఘాటుకు దగ్గు, ఊపిరి బిగబట్టడం, లారింగోస్పాజమ్ వస్తాయి.

ఒకే శ్వాస పద్ధతి బాగా కుదరాలంటే సర్క్యూట్‌ను (యంత్రం నుంచి పేషెంటుకు గ్యాసు చేర్చే గొట్టాలను) ముందే నింపి పెట్టుకోవాలి. వై-ముక్క చివర మూసి, వాల్వు తెరిచి, బ్యాగును రెండు మూడు సార్లు ఖాళీ చేసి, 8 శాతం సెవోఫ్లూరేన్ నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల ఫ్రెష్ గ్యాస్‌తో నిమిషం పాటు పంపాలి. పేషెంటును ఊపిరంతా బయటికి వదలమని, మాస్కు బిగుతుగా పెట్టాక లోపలికి నిండుగా పీల్చి పట్టి ఉంచమని ముందే ఒకసారి వట్టి గాలితో సాధన చేయించాలి. సగం మంది విఫలమయ్యేది ఈ సాధన లేకనే. సర్క్యూట్ నింపకుండా డయల్ 8కి తిప్పి మాస్కు పెడితే మొదటి నాలుగైదు శ్వాసల్లో అందేది అందులో కొంతే.

నిద్ర నిమిషం లోపే పడుతుంది. దవడ మాత్రం వెనకే వస్తుంది. ప్రొపోఫాల్‌తో పోలిస్తే సెవోఫ్లూరేన్‌తో ఎల్‌ఎమ్‌ఏ దిగడానికి పట్టే సమయం ఎక్కువ, మొదటి ప్రయత్నంలోనే దిగడం తక్కువ. కారణం ముఖ్యంగా దవడే. 8 శాతం మీద కనీసం రెండున్నర, మూడు నిమిషాలు ఉంచాలి. ఉద్రేక దశ దాటి, శ్వాస క్రమబద్ధంగా సాగుతూ, కనుపాపలు మధ్యకు వచ్చి స్థిరపడ్డాక దవడ నెట్టి చూడాలి. పిల్లల్లో ఊపిరి చివర్లో కొలిచే సెవోఫ్లూరేన్ సగం మందిలో వేయనిచ్చే స్థాయి సుమారు 2 శాతం. అందరిలో సాఫీగా దిగాలంటే దానికన్నా బాగా పైనుండాలి, అదీ కొన్ని నిమిషాలు నిలిచి ఉండాలి. తెర మీద అంకె క్షణం పాటు 4 దాటినంత మాత్రాన మెదడులో 4 ఉన్నట్టు కాదు.

ఇక్కడ ఓ వలలో పడతారు. సెవోఫ్లూరేన్‌తో పాటు ఓపియాయిడ్ కాస్త ఎక్కువ ఇస్తే మత్తు లోతు కాకముందే ఊపిరి ఆగుతుంది. ఊపిరి ఆగితే గ్యాసు లోపలికి పోదు, లోతు పెరగదు, దవడ వదలదు. అప్పుడు మాస్కుతో బలవంతంగా ఊదితే గాలి కడుపులోకి పోతుంది. ఓపియాయిడ్ చిన్న మోతాదుకే పరిమితం కావాలి. పిల్లల్లో ముందు కాన్యులా, తర్వాత ఎల్‌ఎమ్‌ఏ. ఈ వరస తారుమారు చేస్తే, గొంతు బిగుసుకున్న క్షణంలో సిర వెతుక్కోవాల్సి వస్తుంది.

సాయంత్రం లెక్కలో వాంతులు, వికారం ప్రొపోఫాల్ కన్నా ఎక్కువ. నైట్రస్ ఆక్సైడ్ కలిపితే ఇంకొంచెం పెరుగుతాయి. పిల్లలు లేచేటప్పుడు గుర్తుపట్టలేనంత గింజులాడటం, ఏడవటం ఉంటుంది. ఆపరేషన్ చివర్లో 1 మి.గ్రా./కిలో ప్రొపోఫాల్ ఇస్తే అది తగ్గుతుంది. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా (మత్తు వాయువులతో ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కే వంశపారంపర్య జబ్బు) చరిత్ర కుటుంబంలో ఉంటే ఈ మందును తాకకూడదు. చిన్న గదిలో 8 లీటర్ల ప్రవాహంతో మాస్కు ఇండక్షన్లు వరసగా చేస్తే సిబ్బందీ పీలుస్తారు, స్కావెంజింగ్ (వదిలిన గ్యాసును బయటికి లాగేసే ఏర్పాటు) లేని చోట ఇది చిన్న విషయం కాదు.

ఎటోమిడేట్, కెటమిన్

గుండె బలహీనంగా ఉన్నవారిలో ఎటోమిడేట్ 0.3 మి.గ్రా./కిలో బీపీని నిలబెడుతుంది. ఆ ఒక్క గుణం కోసమే దీన్ని తీయాలి. మిగతావన్నీ ఎదురే: ముందుమందు లేకపోతే సగానికి పైగా మందిలో కండరాల అదురు, దవడ సరిగ్గా వదలకపోవడం, వాంతులు, అడ్రినల్ గ్రంథిలో కార్టిసాల్ తయారీని ఒక్క మోతాదుతోనే కొన్ని గంటలు ఆపేయడం. అదురు మధ్య ఎల్‌ఎమ్‌ఏ తోయడం కదులుతున్న సూదిలోకి దారం ఎక్కించినట్టే. మిడజోలామ్ చిన్న మోతాదు గానీ, అసలు మోతాదులో పదో వంతు ఎటోమిడేట్‌ను నిమిషం ముందుగా ఇవ్వడం గానీ అదురును తగ్గిస్తాయి. ఫెంటానిల్ కూడా సాయపడుతుంది. ప్రొపైలిన్ గ్లైకాల్‌లో ఉన్న తయారీ కన్నా లిపిడ్ ఎమల్షన్‌లో ఉన్నది సిరను తక్కువ మండిస్తుంది. అయితే, ఎటోమిడేట్ తప్ప మరొకటి తట్టుకోలేనంత బలహీన గుండె ఉన్నవారు అసలు డే సర్జరీ జాబితాలో ఎందుకున్నారో ముందు అడగాలి.

కెటమిన్ ఒంటరిగా ఈ పనికి పనికిరాదు. గొంతు రిఫ్లెక్సులు, దవడ బిగువు అలాగే ఉంటాయి, లాలాజలం ఊరుతుంది. ప్రొపోఫాల్‌కు ముందు 0.5 మి.గ్రా./కిలో ఇస్తే మాత్రం వేరే సంగతి: బీపీ నిలబడుతుంది, ఊపిరి ఆగే వ్యవధి తగ్గుతుంది, పరికరం కూడా ఫెంటానిల్ తోడున్నప్పటిలాగే దిగుతుంది. ఈ మోతాదులో పీడకలలు అరుదు.

కొత్తగా వచ్చినవి

రెమిమజోలామ్ 2020లో అమెరికాలో ప్రక్రియల మగత కోసం, జపాన్‌లో జనరల్ అనస్థీషియా కోసం అనుమతి పొందింది. మంట లేదు, బీపీ తక్కువగా పడుతుంది, విరుగుడు మందు ఫ్లుమజెనిల్‌తో ప్రభావాన్ని వెనక్కి తిప్పవచ్చు. కానీ ఇది బెంజోడయజపైన్, మిడజోలామ్ కుటుంబపు మందు. గొంతును అణచే పని ఓపియాయిడ్‌కు అప్పగించాలి, నిద్ర పట్టడం కూడా ప్రొపోఫాల్ కన్నా నెమ్మది. రింగర్ లాక్టేట్ లైనులో ఇస్తే తెల్లగా అవక్షేపం పడుతుంది. ఫ్లుమజెనిల్ ప్రభావం తీరాక మళ్లీ మగత రావచ్చు కనుక, తిప్పేశాం కదా అని వెంటనే ఇంటికి పంపకూడదు. సైప్రోఫాల్ ప్రొపోఫాల్‌కు తమ్ముడు లాంటిది. 0.4 మి.గ్రా./కిలో సరిపోతుంది, మంట చాలా తక్కువ.

దిగాక వచ్చే చిక్కు

మందు ఏదైనా, పరికరాన్ని బట్టి అవసరం మారుతుంది. పెద్ద కఫ్ (గాలితో ఉబ్బే అంచు), కడుపు గొట్టం దారి ఉన్న ప్రోసీల్ రకం ఎల్‌ఎమ్‌ఏకు పాత క్లాసిక్ రకం కన్నా లోతైన మత్తు కావాలి. మొదటిసారి తోసినప్పుడు దగ్గినా, నాలుక ఎదురు తోసినా బలం పెంచొద్దు. పరికరం తీసి, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తూ, ప్రొపోఫాల్ 0.5 మి.గ్రా./కిలో ఇచ్చి, అర నిమిషం ఆగి, మళ్లీ దవడ నెట్టి చూసి వేయాలి. ఆ సిరంజిలో ఆ మాత్రం మందు ముందే మిగిల్చి ఉంచుకోవాలి. దిగాక కఫ్ ఒత్తిడి 60 సెం.మీ. నీటి మట్టం దాటకుండా మానోమీటర్‌తో చూడాలి. నైట్రస్ ఆక్సైడ్ వాడుతుంటే సిలికాన్ కఫ్‌లోకి అది చొరబడి ఒత్తిడి పెరుగుతూ పోతుంది.

ప్రొపోఫాల్‌తో సాఫీగా దిగిన కేసే ఐదో నిమిషంలో చెడటం తరచూ జరిగేదే. బోలస్ (ఒక్కసారి ఇచ్చిన మోతాదు) ప్రభావం తగ్గుతూ ఉంటుంది, సెవోఫ్లూరేన్ ఇంకా ఎక్కి ఉండదు, ఊపిరి ఆగి ఉంటే అసలు ఎక్కదు. సరిగ్గా అప్పుడే సర్జన్ కత్తి పెడతాడు, గొంతు బిగుసుకుంటుంది. ఎల్‌ఎమ్‌ఏ దిగిన క్షణమే వేపరైజర్ (మత్తు మందును ఆవిరిగా పంపే పరికరం) తెరిచి, ప్రవాహం పెంచి, ఊపిరి తిరిగి రాకపోతే చేత్తో మెల్లగా ఊదుతూ ఆ ఖాళీని పూడ్చాలి. లేదా ప్రొపోఫాల్ ఇన్ఫ్యూజన్‌ను బోలస్ వెనకే మొదలుపెట్టాలి. శుభ్రం చేసి గుడ్డలు కప్పే సమయం ఆ పనికి సరిపోతుంది, గడియారం సర్జన్ చేతిలో పెట్టకుంటే చాలు. అయినా బిగుసుకుంటే ముందు కత్తి ఆపించాలి, నూరు శాతం ఆక్సిజన్‌తో ఒత్తిడి పట్టి ఉంచి, దవడ ముందుకు నెట్టి, ప్రొపోఫాల్ 0.5 మి.గ్రా./కిలో ఇవ్వాలి. వదలకపోతే, ఆక్సిజన్ సంతృప్తత పడిపోయేదాకా చూడకుండా సక్సామెథోనియం ఇవ్వాలి. పిల్లలకైతే, గుండె వేగం పడిపోతే ఇవ్వడానికి అట్రోపిన్ కూడా చేతికందేలా ఉండాలి. సిర లేకపోతే సక్సామెథోనియం కండరంలోకి 4 మి.గ్రా./కిలో.